చందుర్తిలో లేని కొండ

నేను ఒక కొండను. మూరెడు ఎత్తు కూడా లేను. నా చెట్లు కొబ్బరి పీచువి, నా మట్టి వాడేసిన టీపొడి. అసలు పుట్టుకతో నేను థర్మకోల్‌ని. కొత్త ఫ్రిజ్‌కు దెబ్బ తగలకుండా అట్టపెట్టెలో కాపలా కూర్చుని పిఠాపురం వచ్చాను. ఫ్రిజ్ గోడవారకు చేరాక నన్ను పారేయాల్సిందే. వీరబాబు పారేయనివ్వలేదు.

అతనికి కారు టైర్ల షాపు ఉంది. వారమంతా చక్రాలు, ఆదివారం యుద్ధం. వేలెడంత సైనికుల్ని అచ్చుల్లో పోసి, రంగులు వేసి, భోజనాల బల్ల మీద బారులు తీరుస్తాడు. అవతలి సైన్యం సత్తార్ మాస్టారిది. వీరబాబుకు బడిలో సోషల్ చెప్పింది ఆయనే. ఇద్దరూ టేపుతో కొలిచి సైన్యాల్ని నడుపుతారు, పాచిక వేసి చంపుతారు. ఎక్కువగా ఆడేది చందుర్తి యుద్ధం. ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ ఎప్పుడో ఈ చుట్టుపక్కలే కొట్టుకున్నారట. నన్ను మొదటిసారి బల్ల మీద పెట్టినప్పుడు మాస్టారు కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"ఒరేయ్, చందుర్తి పొలాల్లో కొండెక్కడిదిరా?"

"చేసేశాను కదండీ మాస్టారూ. ఓ మూల పడుంటుంది, ఉండనీండి."

అలా చరిత్రలో నాకు చోటు దొరికింది. ఇంకా చాలామందికి ఇలాగే దొరికి ఉంటుంది.

నన్ను అతికించిన మైదా జిగురు కాచిందీ, నా మీది టీపొడి ఎండబెట్టిందీ అతని భార్య నూకరత్నం. "మీ యుద్ధానికి నా వంటిల్లే దొరికిందా" అని సణుగుతూనే చేసింది. ఎంత పనిలో ఉన్నా ఆవిడ చూపు మాత్రం కూతురు పండు చేతుల మీదే. ఏడాదిన్నర పిల్ల, ఏది దొరికినా నోట్లోకే. సీసం పిల్లల ఒంట్లోకి పోతే చాలా ప్రమాదమని అంగన్‌వాడీ టీచరు చెప్పినప్పటి నుంచి రత్నానికి ఆ బొమ్మల్ని చూస్తే గుండె దడ.

"ఏవండీ, వీటిల్లో సీసం లేదు కదా?"

"లేదే బాబూ. అంతా తగరం. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

ఆ బొమ్మల్ని పోసిన రోజు నేను పెరట్లో ఎండలో ఆరుతున్నాను. చక్రాలు అదరకుండా బరువు సరిచేయడానికి తగిలించే పాత సీసం బిళ్లలు గరిటెలో కరగడం నేను చూశాను. తొమ్మిదిలో బడి మానేసిన పెళ్లానికి ఇవన్నీ ఏం తెలుస్తాయిలే అనుకున్నాడో, గొడవెందుకనుకున్నాడో. మనుషుల అబద్ధాల్లో సగం గొడవెందుకని చెప్పేవే.

ఆవిడ తన జాగ్రత్త తాను పడింది. కోడిగుడ్ల అట్టలు తెచ్చి ఒక్కో గుంటలో ఒక్కో సైనికుణ్ణి నిలబెట్టింది. ఆట ముగిశాక బతికినవాళ్లూ చచ్చినవాళ్లూ అందరూ తమ గుంటల్లోకి రావాలి. ఒక్క గుంట ఖాళీగా కనిపించినా ఎవరికీ అన్నం పెట్టదు.

ఆ ఆదివారం ఆట అయిపోయింది. ఎవరు గెలిచారో తేలక మగవాళ్లిద్దరూ వరండాలో వాదించుకుంటున్నారు. రత్నం అట్టలు సర్దుతుండగా పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది. లోపలికి పరుగెత్తింది. పండు కుర్చీ ఎక్కింది. డప్పు వాయించే కుర్రాడి బొమ్మను తీసి నోట్లో పెట్టుకుంది. కాసేపు చప్పరించింది. తర్వాత ఏమనుకుందో, బయటికి తీసి, నా వీపు మీద రెండు పొరల మధ్య ఉన్న సందులోకి వేలితో నెట్టింది. తడితడిగా నా లోపలికి జారిపోయాడు వాడు.

రత్నం తిరిగొచ్చేసరికి గుంట ఖాళీ. పిల్ల పెదవి మీద ఎర్రరంగు.

"ఏవండీ! డప్పువాడేడీ?"

బల్ల కింద వెతికారు. దుప్పట్లు దులిపారు. పిల్ల నోట్లో వేలు పెట్టి చూస్తే అది గుక్కపట్టి ఏడ్చింది.

"మింగినా బయటికొచ్చేస్తాడే. కంగారుపడకు," అన్నాడు వీరబాబు.

"తగరమేనా?"

అతను మళ్లీ బల్ల కిందికి వంగి వెతకడం మొదలెట్టాడు.

"పండు తల మీద చెయ్యేసి చెప్పండి. తగరమేనా?"

వీరబాబు చెయ్యి పైకి లేవలేదు. రత్నం అతనివైపు చూసిన చూపు నా మీద పడి ఉంటే నేను అప్పుడే విరిగేదాన్ని.

"అవన్నీ తర్వాతమ్మా. నేను బండి తీస్తాను, ముందు ఆస్పత్రికి పదండి," అన్నారు మాస్టారు.

వాడు నా కడుపులోనే ఉన్నాడు. చెప్పడానికి నాకు నోరు లేదు. నా బతుకులో అంత బరువు నేనెప్పుడూ మోయలేదు.

రత్నం పిల్లను భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లింది. పండు ఏడుస్తూనే వెనక్కి, నా వైపు చెయ్యి చాపి గాలిలో తట్టింది.

"బజ్జో... బజ్జో..."

రత్నం ఆగిపోయింది. ఆ తట్టడం తనదే. రోజూ తను పిల్లను అలాగే జోకొడుతుంది. గబగబా వెనక్కొచ్చి పిల్లను నా దగ్గరికి వంచింది. పండు సరిగ్గా ఆ సందు మీద తట్టింది.

"ఉండు, బ్లేడు తెస్తాను," అన్నాడు వీరబాబు.

ఆవిడ ఉండలేదు. పిల్లను మాస్టారి చేతికిచ్చి, రెండు చేతుల వేళ్లూ నాలోకి దూర్చి చీల్చేసింది. తెల్లటి పూసలు ఇల్లంతా ఎగిరాయి. డప్పువాడు టక్కుమని బల్ల మీద పడ్డాడు. ఆవిడ వాణ్ణి తీసి తల, చేతులు, డప్పు తడిమి చూసింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు కింద కూలబడింది. ఒక చేత్తో కూతుర్ని లాక్కుని, రెండో చేతిలో వాణ్ణి పిడికిట బిగించి ఏడ్చింది.

రంగు నోట్లోకి పోయిందని ఆస్పత్రికి తీసుకెళ్లారు. భయం లేదన్నారట. మర్నాడు పొద్దున్నే వీరబాబు గుడ్ల అట్టలన్నీ తనే మోసుకెళ్లి మాస్టారి బీరువాలో పెట్టి తాళం వేయించాడు. ఇప్పుడు మా యుద్ధాలన్నీ చెక్క బొమ్మలతోనే.

అసలు చందుర్తిలోనూ డప్పులు మోసిన కుర్రాళ్లు ఉండే ఉంటారు. తప్పిపోయినవాళ్ల కోసం ఎవరు ఎక్కడిదాకా వచ్చి వెతికారో ఆ నేలకు తెలియాలి. నేను చూసింది ఒక్క తల్లినే.

నన్ను అతికిద్దామని వీరబాబు జిగురు కాచి తెచ్చాడు. "వద్దండీ. అలాగే ఉండనీండి," అంది రత్నం. ఆ మాటలో కోపం లేదు.

"చందుర్తిలో వాగెక్కడిదిరా?" అన్నారు మాస్టారు ఆ తర్వాతి ఆదివారం, నా చీలికను చూసి.

వీరబాబు వంటింటివైపు చూశాడు. వాగు దాటడానికి పాచిక వేయలేదు. తన చెక్క సైన్యాన్ని ఒక్కొక్కరినే ఎత్తి, వాగు చుట్టూ తిప్పి తీసుకెళ్లాడు.