వదులు మూతలు

ఊళ్ళో కుళాయిలన్నీ బిగించే మనిషి సొంత ఇంట్లో మూతలన్నీ వదులు చేసేవాడంటే ఎవరు నమ్ముతారు? మన ప్లంబరు చేసింది సరిగ్గా అదే. పొద్దున్నే భార్య స్నానానికి వెళ్ళగానే వంటింట్లోకి పిల్లిలా దూరేవాడు. చక్కెర డబ్బా, ఉప్పు డబ్బా, నూనె సీసా, మందుల సీసాలు, ఒక్కొక్కదాని మూత తిప్పి తీసి, మళ్ళీ ఊరికే ఆనించి పెట్టేవాడు. చూస్తే బిగించినట్టే ఉండాలి, వేళ్ళు తగిలితే చాలు రావాలి. పాతికేళ్ళు పైపులు బిగించిన చేతులకి తప్ప ఆ కొలత ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి!

ఆవిడకి ఆరేళ్ళుగా కీళ్ళవాతం. ఒకప్పుడు ఆఫీసులో ఆవిడ టైపు చేస్తుంటే చూడ్డానికి పక్క గదిలోవాళ్ళు వచ్చేవాళ్ళు. ఇప్పుడు పొద్దున లేచాక గంటసేపు గుప్పిలి ముడుచుకోదు. గుండీలు పెట్టడం, కూరలు తరగడం, జడ వెయ్యడం అన్నీ ఆయనే నేర్చుకున్నాడు. మొదటిసారి వేసిన జడ అద్దంలో చూసుకుని, కారే పైపుకి ఇలాగే గుడ్డ చుడతారా అని ఆవిడ పడీపడీ నవ్వింది. పొరుగూరి పనులు మానేశాడు. ఎవరైనా పాపం అంటే మాత్రం ఆయనకి ఎక్కడలేని కోపం వస్తుంది. నన్నడిగితే, అలాంటి మనిషికి దణ్ణం పెట్టాలి.

నాలుగు నెలల కింద, చక్కెర డబ్బా మూత రాక ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంటే ఆయన కంటపడింది. మర్నాటి నుంచే ఈ దొంగపని. ఖర్మ కాకపోతే, సరిగ్గా ఆ వారమే డాక్టరమ్మ కొత్త మందు మొదలుపెట్టింది.

మొన్న చూపించుకోవడానికి ఇద్దరూ వెళ్ళారు. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ మొహం చిట్లించింది. మందు మార్చాలేమో అంది. ఆవిడ ఒప్పుకుంటేనా! ఈ మందు తన పాలిట దేవుడని, ఇప్పుడు ఇంట్లో ఏ మూతైనా తనే తీసుకుంటోందని, మొహం వెలిగిపోతుంటే చెప్పింది. డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి, సరే, ఇంకో ఆరు నెలలు ఇదే వాడదామని కలం తీసింది.

ప్లంబరు ఆ కలం వంకే చూశాడు. అరిగిన కీలు మళ్ళీ రాదని ఆ డాక్టరమ్మే ఒకసారి చెప్పింది. నోరు మూసుకుంటే ఆరు నెలల్లో ఆ వేళ్ళు ఏమవుతాయో! నోరు విప్పితే ఆ మొహంలో వెలుగు ఇప్పుడే పోతుంది. ఈ ఆరేళ్ళలో ఆవిడ అంత సంతోషంగా ఉండటం ఆయన చూడలేదు.

"మందు పని కాదమ్మా అది. రోజూ నేనే వదులు చేసి పెడుతున్నాను," అన్నాడు తల దించుకుని.

డాక్టరమ్మ మందు మార్చింది. బస్సులో ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. అలా కూర్చునే కంటే నాలుగు తిట్టినా బాగుండుననుకున్నాడాయన.

మర్నాడు ఆయన లేచేసరికి ఆవిడ వంటింట్లో ఉంది. డబ్బాలూ సీసాలూ బల్లమీద వరసగా పెట్టి ఉన్నాయి.

"కానివ్వండి. ఇకనుంచి నా ఎదురుగానే వదులు చెయ్యండి," అంది.

ఆయన పని మొదలుపెట్టాడు. తనకి తెలియకుండా ఇంకేమేం చేస్తున్నారని ఆవిడ అడిగింది. కిటికీ గడియకి నూనె రాస్తున్నానన్నాడు. చేతిసంచి జిప్పుకి కొవ్వొత్తి రుద్దుతున్నానన్నాడు.

"ఆ జిప్పు కూడానా? సంచి మంచి రకమని మా చెల్లెలికి గొప్పలు కూడా చెప్పాను!" అంది. నవ్వబోయింది గానీ కళ్ళు నిండిపోయాయి.

చివర్న చక్కెర డబ్బా మిగిలింది. ఆయన చెయ్యి చాపేలోగా ఆవిడ దాన్ని రెండు అరచేతులతో దగ్గరికి లాక్కుంది.

"దీన్ని మాత్రం అందరిళ్ళలో ఎలా ఉంటుందో అలా బిగించండి. కొత్త మందు పనిచేస్తోందో లేదో దీంతోనే చూసుకుంటాను. అంతవరకూ చక్కెర లేకుండానే టీ తాగుతాను."

ఆయన బిగించాడు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, ఒకసారి వెనక్కి చూశాడు. ఆ మూత వదులు చెయ్యాలని చేతులు దురదపెడుతూనే ఉన్నాయి. అయినా ఆ డబ్బా జోలికి పోకుండా పనికి వెళ్ళిపోయాడు.