ఫిబ్రవరి ముప్పై

"సార్, పోస్ట్‌గ్రెస్ పెడదాం" అని కావ్య ఫోన్‌లో చెప్పింది. బ్రూక్‌ఫీల్డ్ దగ్గర బస్సు హారన్ల మధ్య ఇరుక్కున్న మేనేజరు ఆంజనేయులుకు అది "పోస్టులో గ్రీజు పెడదాం" అని వినిపించింది. కస్టమరు బొమ్మసంద్రలో బోల్టుల ఫ్యాక్టరీ కాబట్టి ఆయనకు అనుమానమే రాలేదు. మర్నాడు ఫ్యాక్టరీ యజమానురాలు వరూధిని ఫోన్ చేసింది.

"ఏమప్పా ఆంజనేయులూ, లెక్కలు తేలుస్తామని చెప్పి గ్రీజు డబ్బా పంపినారే? మా మిషన్లు కిర్రుమంటా ఉండాయని మీకు ఎవరు చెప్పినారు?"

ఆఫీసంతా పగలబడి నవ్వింది.

"పోస్ట్‌గ్రెస్ అంటే డేటాబేసు సార్. లెక్కలు దాచుకుని, అడిగితే జవాబు చెప్పే సాఫ్ట్‌వేరు. ఉచితం. లోపల ఎట్లా రాశారో కూడా తెరిచి చూసుకోవచ్చు" అంది కావ్య.

"ఉచితమే కానీ, మనకు అనుచితం కాదు కదా?" అని ఆంజనేయులు తన తప్పును నవ్వులో కలిపేశాడు.

అది 2005. వరూధిని అడిగిన ప్రశ్న ఒకటే: ముప్పయ్యో తేదీ వచ్చేసరికి షిఫ్టుకు చేసే బోల్టుల సగటు ఎందుకు పడిపోతోంది? జవాబు ఏళ్ళ తరబడి పోగుపడిన రోజువారీ లెక్కల్లో ఉంది. వాటిని దాచే ఉచిత డేటాబేసు ఏది కావాలన్న దగ్గర తగువు మొదలైంది. కావ్య పోస్ట్‌గ్రెస్ అంది. పక్క సీటు చేతన్ మైఎస్‌క్యూఎల్ అన్నాడు. "పేరులోనే 'మై' ఉంది, మనదే అన్నట్టు" అని అతని వాదన.

ఆంజనేయులు తీర్పు చెప్పేశాడు. "సోమవారం మీటింగులో ఎవరిది జవాబు చెప్తే వాళ్ళదే ప్రాజెక్టు. ఇంకొకరు టెస్టింగ్‌కు పోవాల్సిందే."

కావ్యకు టెస్టింగ్ కొత్త కాదు. కర్నూలు నుంచి వచ్చి, మడివాళ పీజీ హాస్టల్లో ఉంటూ, టెస్టింగ్‌లో పరాయివాళ్ళ తప్పులు ఏరి ఏరి ఈమధ్యే బయటపడింది. మళ్ళీ అక్కడికి పోవడమంటే దిగిన మెట్లు ఎక్కడం కాదు, ఎక్కిన మెట్లు దిగడం.

చేతన్ లెక్కలు సాయంత్రానికల్లా డేటాబేసులోకి ఎక్కేశాయి. కావ్యవి ఒకచోట ఆగిపోయాయి. అలాంటి తేదీ లేదని పోస్ట్‌గ్రెస్ మొండికేసింది. ఆమె ఆ వరుస తీసి చూసింది.

ఫిబ్రవరి ముప్పై. ఏడో మిషను. పని చేసినవారు: గంగమ్మ. నాలుగు బోల్టులు.

అంతకు ముందు ఏడాది చూసింది. ఫిబ్రవరి ముప్పై. ఏడో మిషను. గంగమ్మ. దాని ముందటి ఏడాదీ అంతే. లేని రోజున ఒక మనిషి ఏటేటా పనికి వస్తోంది. డేటాబేసు కాస్త బేసిగా ఉందనుకున్న కావ్యకు ఇప్పుడు మెడ వెనుక చల్లగా తగిలింది.

"నీ దాంట్లో ఇవి ఎక్కాయా?" అని చేతన్‌ను అడిగింది.

"అన్నీ స్మూత్‌గా ఎక్కాయి. మైఎస్‌క్యూఎల్‌కు ఏ నెలైనా ముప్పై ఒకటి దాకా ఓకే. నీదే మరీ పట్టింపు. డిలీట్ చేసేయ్. ఒక్క రో కోసం ఇంత రోదనా?"

డిలీట్ చేస్తే ఆ నిమిషమే పని అయిపోయేది. కావ్య వేలు బటన్ మీద పెట్టి, తీసేసింది. ఉన్నదెవరో తెలియకుండా లేదని ఎలా అనడం? ఫ్యాక్టరీలో హాజరు చూసే నాగప్పకు ఫోన్ చేసింది.

"గంగమ్మ అని మీ దగ్గర ఎవరు పని చేస్తారండీ?"

అవతల తలుపు వేసిన చప్పుడైంది. మిషన్ల రొద తగ్గింది.

"మిషన్ల మీద ఆడోళ్ళు ఎవరూ లేరు మేడం" అన్నాడు నాగప్ప గొంతు తగ్గించి. "ఆ పేరు ఇట్లా ఫోన్లో ఎత్తొద్దు."

ఫోన్ పెట్టేశాడు. ఎర్రర్ అనుకున్నది హారర్‌లోకి దిగింది.

ఆ శనివారం పొద్దున్నే ఆమె బొమ్మసంద్ర బస్సెక్కింది. ఫ్యాక్టరీ గేటు తెరిచే ఉంది, కాపలా మనిషి లేడు. లోపలి గుమ్మం ముందు చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి. ఎప్పుడూ చెవులు చిల్లులు పడే షెడ్డులో తన ఊపిరి తనకే వినిపించింది. మిషన్లన్నీ తల వంచుకుని నిలబడినట్టు ఉన్నాయి. నేల మీద ఎర్రటి తడి. అది దారి చూపినట్టు ఏడో మిషను దాకా సాగింది.

ఉన్నట్టుండి ఆ మిషను కదిలింది.

దగ్గర ఎవరూ లేరు. ఇరుసు గిర్రున తిరిగింది. ఒక బోల్టు టక్కున పళ్ళెంలో పడింది. కావ్య వెనక్కి అడుగు వేసి, పక్కకు చూసి, కొయ్యబారింది. గోడ వెంబడి మగవాళ్ళంతా నిలబడి ఉన్నారు. వట్టి కాళ్ళు. అందరి ముఖాలూ గోడకే. ఒక్కరూ తిరిగి చూడలేదు. టక్కుమని ఇంకొక బోల్టు. ఇంకొకటి. నాలుగోది పడగానే మిషను ఆగిపోయింది.

"చెప్పులు విడిచి రామ్మా" అంది చీకటి మూల నుంచి ఒక గొంతు. స్విచ్చుల బోర్డు పక్కన వరూధిని నిలబడి ఉంది. చేతికి కుంకుమ, కాళ్ళ దగ్గర పగిలిన గుమ్మడికాయ. "ఈ పొద్దు అమావాస్య. అమ్మ పని చేసేటప్పుడు ఎదురుగా చూడకూడదు."

కావ్య చెప్పులు విడిచింది. ఒకే మాట అడిగింది. "సోమవారం మా ఆఫీసుకు రాగలరా అండీ?"

సోమవారం చేతన్ ముందు లేచాడు. గోడ మీద అతని గ్రాఫ్ ముప్పయ్యో తేదీ దగ్గర గుంటలో పడింది. "క్లియర్ మేడం. మంత్ ఎండ్‌లో మీ వాళ్ళు స్లో అవుతున్నారు."

వరూధిని ముఖం గంటు పెట్టుకుంది. "మా పిల్లోల్లు అట్లాంటోల్లు కాదప్పా."

"నీదేమైందమ్మా కావ్యా?" అన్నాడు ఆంజనేయులు.

"నాది ఇంకా ఎక్కలేదు సార్." గదిలో ఎవరో నిట్టూర్చారు. కావ్య వరూధిని వైపు తిరిగింది. "అమావాస్య పని రాసేటప్పుడు తేదీ గడిలో ఏం వేస్తారండీ?"

"పంచాంగంలో ఏముంటే అది. పున్నమి పదిహేను, అమావాస్య ముప్పై. అమ్మ పనికి ఇంగ్లీషు తేదీ వేస్తామా? నేను రాసిస్తా, నాగప్ప కంప్యూటర్లో కొడతాడు."

"పని చేసినవారి పేరు?"

"గంగమ్మ. స్విచ్చే నాది, పని అమ్మది. ఆ నాలుగు బోల్టులూ అమ్మ పాదాల దగ్గర పెడతాం, అమ్మం."

ఆంజనేయులు కుర్చీలో ముందుకు వంగాడు. "తిథి ముప్పై, నెల మాత్రం ఇంగ్లీషుదా?"

"అదే సార్" అంది కావ్య. "మిగతా నెలల్లో నిజంగానే ముప్పై ఉంటుంది. గంగమ్మ అందులో కలిసిపోతోంది, ఎవరికీ కనబడదు. ఫిబ్రవరిలో ముప్పై లేదు, దాక్కోడానికి చోటు లేదు. చేతన్‌ది ఆమెను మర్యాదగా లోపలికి రానిచ్చింది. నాది గుమ్మంలోనే ఆపి ఎవరని అడిగింది."

"ఆ వరస తీసేసి ఉంటే?" అన్నాడు ఆంజనేయులు.

"ఫిబ్రవరి ఒక్కటే బాగుపడేది. మిగతా నెలలన్నీ అట్లాగే ఉండేవి."

ఆంజనేయులు బల్ల మీద చేత్తో కొట్టాడు. "కాదనడం తెలిసిన డేటాబేసే కావాలప్పా మనకు. పోస్ట్‌గ్రెస్సే. ప్రాజెక్టు కావ్యది."

చేతన్ తన గ్రాఫ్‌లోని గుంట మీద వేలు పెట్టాడు. "అయితే ముప్పైన స్లో అయింది ఎవరు?"

"ఎవరూ కాదు" అంది కావ్య. "అమ్మ వేసిన నాలుగు బోల్టులను మనం ఒక పూర్తి షిఫ్టు అని లెక్కేశాం. సగటు పడిపోయింది అందుకే."