నాలుగు చుట్ల మొహమాటం

ఆ ఆదివారం పొద్దున చక్రాల మేస్త్రి కొట్టుకి అల్లుడు వచ్చాడు. కారును ఎండలో నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, కొత్త చొక్కా కొలత చూసుకునేవాడిలా తల పక్కకు వంచి చూశాడు.

"చూడండి మావయ్యగారూ, చక్రాలు ఎలా లోపలికి నక్కి కూర్చున్నాయో! కాస్త బయటికి రావాలి. మధ్యాహ్నం ఫ్రెండ్సందరం కలుస్తున్నాం."

అతని చేతిలో నాలుగు అల్యూమినియం బిళ్లలున్నాయి. వాటిని స్పేసర్లంటారు. ఇరుసు చివరుండే హబ్బుకీ చక్రానికీ మధ్య పెడితే, బిళ్ల మందం ఎంతో చక్రం అంత బయటికి జరుగుతుంది. బండికి ఛాతీ విరుచుకున్నట్టు ఒక దర్జా వస్తుంది.

పాఠకులు ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. చక్రం బయటికి జరుగుతుంది గానీ, దాన్ని పట్టి ఉంచే స్టడ్లు, అంటే హబ్బులోంచి పొడుచుకొచ్చే మరచీలలు, ఉన్న పొడుగే ఉంటాయి. బిళ్ల తినేసినంత మేర నట్టుకి పట్టు తగ్గిపోతుంది. ఈ ముక్క మేస్త్రికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ముప్ఫై ఏళ్లుగా తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాళ్లకీ ఆయనే చెప్పేవాడు. "ముందు నట్టును వేళ్లతో తిప్పండి, చుట్లు లెక్కపెట్టండి. ఈ సైజు స్టడ్డుకి ఎనిమిది చుట్లు పడకపోతే నట్లు బిగించే మెషీను ముట్టుకోకండి" అని ఆయన గొంతు చించుకునేవాడు.

ఆ రోజు కూడా వేళ్లతోనే తిప్పాడు. బిళ్ల లేనప్పుడు తొమ్మిది చుట్లు తిరిగే నట్టు నాలుగో చుట్టుకే ఆగిపోయింది. రెండో నట్టూ అంతే.

"పొడుగు స్టడ్లు తెప్పించాలి అల్లుడుగారూ. మూడు రోజులు పడుతుంది," అన్నాడు నసుగుతూ.

"మూడు రోజులా! మీ చేతిలో పడితే కుదరనిదంటూ ఏముంటుంది మావయ్యగారూ? మా ఆఫీసులో అందరికీ మీ గురించి గొప్పగా చెప్పుకున్నాను."

కూతురి పెళ్లయిన నాటి నుంచీ గ్రీజు చేతులు వెనక్కి దాచుకుని అల్లుడితో మాట్లాడే మనిషి ఆయన. ఆ ఒక్క మాటకే ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. చెప్పాల్సింది నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "సర్లెండి, ఏం కాదు," అంటూ మెషీను అందుకున్నాడు. నట్లన్నీ టకటకా బిగిశాయి. ఆ చప్పుడులో ఎన్ని చుట్లు పడ్డాయో ఎవరికి తెలుస్తుంది?

అల్లుడు పెట్టిన ఫొటో చూసి ఒకరి వెనక ఒకరు వచ్చారు. మొదటిసారి ఒప్పుకున్నాక రెండోసారి కాదనడం మరీ కష్టం. నెల తిరిగేసరికి ఇంకో పదకొండు కార్లు అలాంటి బిళ్లలతోనే, తమ పాత స్టడ్లతోనే రోడ్డెక్కాయి.

ఒక మంగళవారం కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, మలుపు తిప్పినప్పుడల్లా ముందు ఎడం చక్రం దగ్గర ఏదో కొట్టుకుంటోంది. తెచ్చి చూపించమంటావా?"

"కొత్త బిళ్లలు కదమ్మా, సర్దుకుంటాయి. ఏం కాదులే," అన్నాడు మేస్త్రి.

గురువారం సాయంత్రం బస్టాపు దగ్గరి మలుపులో ఆ చక్రం ఊడిపోయింది. కారు నేలను రాసుకుంటూ ఆగింది. నడుపుతున్న అల్లుడికీ పక్కనున్న కూతురికీ చిన్న గీత కూడా పడలేదు. దొర్లుకుంటూ పోయిన చక్రం మాత్రం బస్సు కోసం నిలబడ్డ ఒక రిటైరైన టీచరమ్మను కొట్టేసింది. ఆవిడ కాలు రెండు చోట్ల విరిగింది.

మర్నాడు పొద్దున మేస్త్రి ఇంట్లో అందరూ అల్లుడి చుట్టూ చేరారు. అత్తగారు అతనితో కాకుండా గోడతో మాట్లాడుతున్నట్టు అంది. "అంత స్పీడు దేనికో! చక్రాలు చూస్తే మీ మావయ్య స్వయంగా బిగించినవాయె. అవి ఊరికే ఊడతాయా?"

"మెల్లగానే వస్తున్నానండీ," అన్నాడు అల్లుడు తల వంచుకుని. మళ్లీ తనే, "ఏమో, మలుపులో కాస్త తొందరపడ్డానేమో," అన్నాడు. చేయని తప్పును అతను నెమ్మదిగా నమ్మడం మొదలుపెట్టాడు. మేస్త్రి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని ఆ మాటలన్నీ విన్నాడు. ఆ తర్వాత ఆయన జీవితమంతా సిగ్గుపడింది ఆ పేపరు గురించే.

కొట్టుకి వెళ్లేసరికి కారును లాక్కొచ్చి పడేశారు. ఎడం హబ్బు ముందు గొంతుక్కూర్చుని చూశాడు. ప్రతి స్టడ్డుకీ చివర నాలుగు మరలు నున్నగా అరిగి లేచిపోయాయి. వెనక మరలన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. ఏం జరిగిందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇనుము అరగదీసే గ్రైండరు ఒక్క నిమిషం తిప్పితే అది కూడా మిగలదు. ఆ ఆలోచన తన బుర్రలోకి రాగానే లేచి వెళ్లి గ్రైండరు ప్లగ్గు పీకేశాడు.

అల్లుడినీ కూతురినీ అక్కడికే పిలిపించాడు. స్టడ్లు చూపించి, ఉన్నదంతా చెప్పాడు.

"అడిగింది నేనే కదండీ..." అన్నాడు అల్లుడు.

"మీకు తెలియక అడిగారు బాబూ. నాకు తెలుసు. తెలిసీ మీ ముందు చిన్నబోవడం ఇష్టం లేక తలూపాను. పోలీసులకూ ఇదే చెబుతాను."

కూతురు మాత్రం, "నేను ఫోన్ చేశాను నాన్నా," అంది. కోపంగా కూడా అనలేదు.

మేస్త్రి అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్లాడు. కట్టు కట్టిన కాలిని దిండు మీద పెట్టుకుని పడుకున్న టీచరమ్మ ఆయన చెప్పిందంతా అడ్డురాకుండా వింది.

"అయితే ఆ అబ్బాయి తప్పేం లేదన్నమాట. నిన్న నా పక్కన కూర్చుని ఒకటే ఏడుపు. ఊరుకో నాయనా అన్నాను. మీతో ఆ మాట అనలేను."

"అనొద్దమ్మా."

"ఇంకా ఎన్ని బళ్లకు ఇలా బిగించారు?"

"పదకొండు."

"అవి ఇప్పుడు ఎక్కడున్నాయి?"

మేస్త్రి నేలచూపులు చూశాడు. బడి వదిలే వేళ. అవన్నీ పిల్లలతో రోడ్డు మీదే ఉంటాయి.

"ఇక్కడ తల దించుకుని నిలబడితే ఎవరికి ఉపయోగం? ఫోన్ తీయండి. నాకు వినబడేలా మాట్లాడండి," అంది టీచరమ్మ.

మొదటి నంబరు కలిపాడు. "సార్, బండి ఎక్కడుంటే అక్కడే ఆపేయండి. నేనే వచ్చి ఆ బిళ్లలు తీసేస్తాను. పొడుగు స్టడ్లు వచ్చాకే మళ్లీ వాటి సంగతి. అప్పుడు కూడా కొంత దూరం తిరిగాక నట్ల బిగువు మళ్లీ చూడాలి. తప్పు నాదే సార్. తెలిసే..." అని గొంతు తగ్గించాడు.

"వినబడలేదు," అంది టీచరమ్మ.

"తెలిసే బిగించాను సార్," అన్నాడు.

పదకొండు సార్లు ఆ మాట అన్నాడు. ఒకాయన అమ్మానాన్నలను కలిపి తిట్టాడు. ఒకావిడ ఏమీ అనకుండా ఫోన్ పెట్టేసింది, అదే ఎక్కువ గుచ్చుకుంది. పక్క మంచాలవాళ్లంతా ఆయన్నే చూస్తున్నారు. చెమటకు చొక్కా వీపుకి అంటుకుపోయింది. అయినా ఆపలేదు.

ఆఖరి ఫోన్ అయ్యాక, బళ్ల దగ్గరికి బయల్దేరబోతున్న ఆయన్ని టీచరమ్మ ఆపింది.

"మీ మొహమాటం మీ మామా అల్లుళ్ల మధ్యే ఉండిపోతుందనుకున్నారు. ముక్కూ మొహం తెలియని నా కాలు విరిగింది. కుదరనిదాన్ని కుదరదని మొహం మీద చెప్పడం కూడా మీ పనేనండీ. పని వచ్చినవాళ్లు ఆ ఒక్క మాట అనలేకపోతే, వాళ్లకు పని వచ్చినా రానట్టే."