రెండు మీటర్లు, ఒక చక్రాల కుర్చీ

కోడలు ముచ్చటపడి వోల్టులు కొలిచే మీటరు ఒకటి సొంతంగా తయారు చేసుకుంది. భర్త పాత సామాన్ల సంతలో బేరమాడి ఒకటి కొనుక్కొచ్చాడు. ఆ రెండింటి మధ్యా ఇరుక్కుపోయింది అత్తయ్య.

అత్తయ్యది బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీ. ఎవరి తోడూ లేకుండా లైబ్రరీకి వెళ్లి రావాలని ఆవిడ పంతం. పోయినసారి కుర్చీ సగం దారిలోనే మొరాయించింది. ఛార్జరు ఇంట్లో చేసిందే కాబట్టి, దాన్ని సరైన వోల్టులకు తిప్పిపెట్టాలంటే మీటరు నిజం చెప్పాలి.

పొద్దున రెండింటినీ ఛార్జరుకు తగిలించారు. కోడలిది పద్నాలుగు చూపించింది, ఆయనది పదమూడున్నర.

"కంపెనీ సరుకు తప్పు చూపిస్తుందా?" అన్నాడాయన.

"ఎవరో వాడి వదిలించుకున్నదండీ అది. నా దాంట్లో ప్రతి ముక్కా నేను అతికించిందే!"

మాటా మాటా పెరిగింది. ఆయన తన మీటరును తువాలులో చుట్టి బీరువాలో పెట్టేశాడు.

మధ్యాహ్నం ఆయన స్నానానికి వెళ్లగానే కోడలికి గుబులు పట్టుకుంది. ఫ్యాక్టరీ ముందు నేనెంత? ఓడితే ఓడాను, అత్తయ్య దారిలో ఆగిపోకూడదు. తన మీటరును ఛార్జరుకు తగిలించి, ముల్లు పదమూడున్నర మీదికి వచ్చేదాకా మీటరు మర తిప్పింది.

సాయంత్రం మళ్లీ రెండూ తగిలించారు. కోడలిది పదమూడున్నర. ఆయనది పద్నాలుగు!

కోడలు వైర్లు మార్చి చూసింది. అదే తీరు. "మీదెలా పెరిగిందండీ?"

"నీదెలా తగ్గింది?"

ఆమె తలొంచుకుని చెప్పేసింది. ఆయన చెవి గోక్కున్నాడు.

"నువ్వు బజారుకెళ్లినప్పుడు నేనూ నాది తిప్పాను. నువ్వు తయారు చేస్తున్నప్పుడు చూశాగా, నీ చేతి పని మీద నాకు గురి."

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంత ప్రేమ పొంగినా, ఏది నిజమో మాత్రం తేలనే లేదు.

"మూడోది కావాలి," అన్నాడాయన. "కొందాం."

"చేద్దాం," అంది ఆమె.

"ఆ రెండూ ఇలా నా ఒళ్లో పడెయ్యండి," అంది అత్తయ్య. "వీధి చివర బ్యాటరీల కొట్లో మంచి మీటరుంది. దాంతో పోల్చి చూసుకొస్తా."

"నేనూ వస్తానత్తయ్యా. మధ్యలో ఆగిపోతే?"

"ఆగిపోతే కేకేస్తాలే. అందాకా గుమ్మం దిగారంటే ఊరుకోను!"

కుర్చీ కదిలింది. ఇద్దరూ గుమ్మంలోనే నిలబడ్డారు. కొట్టు ముందు కుర్చీ ఆగింది. అదే ఆగిందా, ఆవిడే ఆపిందా? కోడలు మెడ సాచి చూసింది. అత్తయ్య చెయ్యెత్తి కొట్టు యజమానిని దర్జాగా పిలుస్తోంది. ఇటు తిరిగి చూడనైనా లేదు.