కొండ మీద కట్ట లేని చెరువు

కట్ట లేకుండా నీళ్లు ఎట్లా నిలుస్తాయో, అంత కొండ మీద, ఎవరూ రాళ్లు పేర్చకుండా, మట్టి తొక్కకుండా, తూము పెట్టకుండా, ఊరికే దొప్పలో పోసినట్టు నిలిచి ఉంటాయంట, నీళ్లన్నాక ఏదో ఒక పక్కకు జారిపోవాలనే చూస్తాయి కదా, మైలవరం డ్యాంలో అంత గోడ కడితేనే కదా ఆగాయి, నా కూతురు హేమ ఫోన్‌లో నవ్వింది, మా, అది మన చెరువు మాదిరి కాదు మా, దానికి కట్ట ఉండదు, చుట్టూ కొండలే, మంచు కరిగి దిగిన నీళ్లు, పచ్చగా అద్దం మాదిరి ఉంటాయంట, అని అది చెప్తుంటే నేను మాత్రం కట్ట మీద నడవొద్దు, పాచి ఉంటాది, కాలు జారుతాది, అనే అంటూ ఉన్నాను, ఫోన్ పెట్టేసి ఎంతసేపయిందో, చేతిలో సూది ఆగిపోయింది, ఎవరిదో పెళ్లి చీర, ఫాల్ సగమే కుట్టాను, ఆకుపచ్చ పట్టు ఒడిలో కుప్పగా పడి ఉంది, కిటికీలోంచి ప్రొద్దుటూరు ఎండ వచ్చి దాని మీద మెల్లగా కదులుతోంది, ఆ నీళ్లు ఈ రంగే ఉంటాయేమో, ఇట్లనే ముడతలు ముడతలుగా, చల్లగా, చెయ్యి పెడితే మోచేతి దాకా మింగేసేంత మెత్తగా, నేను గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆదివారం పోతారంట, హిమాచల్‌లో ఆ ఆసుపత్రిలో దానితో పాటు పనిచేసే నర్సు పిల్లలందరూ, ఒక్క పగలే మా, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేస్తాం, జీపు ఒక ఊరి దాకా పోతాది, ఆడినుంచి నడకే, దారి తెలిసిన మనిషి ఒకాయన వస్తాడు, సాయంత్రం డ్యూటీ దిగినాక నేను వస్తానో రానో వాళ్లకు చెప్పాల, నువ్వు వద్దంటే పోను, అంది, వద్దంటే పోను అన్నప్పుడు దాని గొంతు ఎంత మామూలుగా ఉందో, నన్ను అడగడం దానికి అన్నం తినడమంత అలవాటు, పైగా ఏమేం తీసుకుపోవాలో కూడా నన్నే అడిగింది, నాకు తెలిసిన ప్రయాణాలన్నీ ఎండలోవే, చిన్నప్పుడు లింగాలలో చీనీకాయల తోటలకు కూలికి పోయేటప్పుడు వడదెబ్బ తగలకుండా మా అమ్మ కొంగున ఉల్లిగడ్డ ముడివేసుకునేది, పులివెందుల బస్సు ఎక్కినా ఆ ముడి విప్పేది కాదు, ఆ వాసన ఇప్పుడు కూడా ముక్కుకు తగులుతోంది, అందుకే అన్నాను, జేబులో ఒక ఉల్లిగడ్డ పెట్టుకో పాపా, పెరుగన్నం కలుపుకో, తలకు తడిగుడ్డ చుట్టుకో, తడిగుడ్డనా, అది ఆడ గడ్డకట్టి తలకు కిరీటం అయితాది మా, పెరుగన్నం రాయి అయితాది, ఎలుగుబంటి వస్తే దాంతో కొట్టొచ్చు, అని అది పగలబడి నవ్వితే నాకు ఎలుగుబంటి ఒక్కటే వినబడింది, ఎలుగుబంట్లు కూడా ఉండాయా ఆడ, ఉత్తుత్తికే అన్నా మా, ఉత్తుత్తికే అంది కానీ, ఉత్తుత్తికి అయినా ఆ మాట ఎందుకు వచ్చింది, ఎండ అయితే నాకు తెలుసు, అది ఎక్కడ కాచుకుని ఉంటుందో, ఏ వేళకు మీద పడుతుందో, ఎంతసేపటికి మనిషిని కూలుస్తుందో తెలుసు, చలికి ఎట్లా భయపడాలో కూడా నాకు తెలియదు.

అయినా భయపడుతూనే ఉన్నాను, కళ్లు మూస్తే దాని వెనకాలే నడుస్తున్నాను, ఎర్ర స్వెట్టర్ వేసుకుని అది ముందు పోతోంది, నేను ఈ చీర చుట్టుకుని, చెప్పులు లేకుండా, అయినా కాళ్లు కాలడం లేదు, ఎంత బాగుందో నేల కాలకపోవడం, పక్కన పేరు తెలియని పసుపు పూలు, తెల్లటి పొగ లాంటిది వచ్చి పూలనూ దారినీ కప్పేస్తోంది, స్వెట్టర్ ఒక్కటే కుంకుమబొట్టంత కనబడుతోంది, హేమా అని పిలిస్తే నోట్లోంచి మాట రావడం లేదు, పొగ వస్తోంది, అది నీళ్ల అంచున వంగింది, చెయ్యి పెట్టి చూడబోతోంది, వద్దే, లోతు తెలియదు, ఆ నీళ్లకు కట్ట లేదు, సూది వేలికి గుచ్చుకుని ఉలిక్కిపడ్డాను, రక్తం చీరకు అంటలేదు, అమ్మయ్య, ఉండబట్టలేక జమ్మలమడుగు బడిలో గుమాస్తా పనిలో ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను, ఏమంటాడు, పోనీలేమే, పది మందితో పోతాంది కదా, నీకు కుక్కర్ విజిల్ వేసినా భయమే, అని నవ్వి పెట్టేశాడు, నవ్వడం వీళ్లకు ఎంత తేలిక, ఆ పొగలో దారి తప్పితే, మంచు కింద గుంత ఉంటే, దారి తెలిసిన మనిషికే కడుపునొప్పి వస్తే, అప్పుడే అనుకున్నాను, సాయంత్రం అది ఫోన్ చేస్తే బీపీ ఎక్కువైంది, తల తిరుగుతాంది అని చెప్తాను, వద్దు అనాల్సిన పనే లేదు, అదే ఆగిపోతుంది, ఇక పోవడం ఉండదు, కొండ ఉండదు, నీళ్లు ఉండవు, అబద్ధం చిన్నది, పిల్ల ప్రాణం పెద్దది, అనుకోగానే గుండె ఎంత నెమ్మదించిందో, కుట్లు కూడా వరసగా పడ్డాయి.

పక్కింటి షంషాద్ వచ్చింది, గడపలోనే కూలబడింది, ముక్కు ఎర్రగా ఉంది, ఏందే, ఏడ్చినావా, ఏం చెప్పమంటావక్కా, మా అస్లాం లేడూ, కువైట్‌లో వాని రూములో ఉండే కలీం సెలవుకు వచ్చినాడు, మాటల్లో చెప్పినాడు, రంజాన్‌కు ముందు మావానికి కడుపు కోసి ఆపరేషన్ చేసినారంట, నాకు తెలీనే తెలీదు, ఆ దినాలన్నీ వీడియోలో మొగం ఒక్కటే చూపిచ్చినాడు, బాగుండావారా అంటే బాగుండా మా, తిన్నావారా అంటే తిన్నా మా, ఇప్పుడెట్లుండాడే, ఇప్పుడు గుర్రం మాదిరి ఉండాడు, డ్యూటీ చేస్తాండాడు, మరి ఇంకెందుకే ఏడ్సేది, అంటే షంషాద్ నా మొగం అట్లా చూసింది, వాడు ఆడ కోత మీద పండుకోనుంటే నేనేం చేస్తాంటినో తెల్సా అక్కా, మిద్దె మీద కూచోని సేమ్యాలు ఎండబెట్టుకుంటా పాటలు పాడుకుంటాంటి, ఎందుకు చెప్పలేదురా అని ఇప్పుడు అడిగితే ఏమన్నాడో తెల్సా, చెప్తే ఏడుస్తావు, వచ్చేయమంటావు, నీతో పడలేక చెప్పలేదు మా, అన్నాడు, నీతో పడలేక అంట, కన్నదాన్ని, అని ముక్కు చీది, మళ్లీ తనే నవ్వి, కాఫీ అన్నా పోయక్కా, నీ మొగం చూస్తే నాకంటే నువ్వే ఏడ్సేట్టు ఉండావు, అంది.

కాఫీ తాగి షంషాద్ వెళ్లిపోయింది, ఎండ చీర మీద నుంచి గోడ మీదికి ఎక్కింది, కిటికీలో ఫోన్ మోగుతోంది, బీపీ అనే మాట నాలుక మీద సిద్ధంగా ఉంది, ఎత్తగానే హేమ గాలిలో నిలబడినట్టుంది, హోరు, మా, బాగుండావా, టాబ్లెట్ వేసుకున్నావా, ఏమంటావు మా, నేను రానని చెప్పేస్తాలే, నువ్వు నిద్ర మానుకుంటావు, అంది, అంత మెత్తగా అంది, నేను అడగకముందే, నా భయాన్ని మడిచి పక్కన పెట్టినట్టు, ఆ మెత్తదనంలోనే నాకు వినబడింది, ఈసారి పోకుండా ఉంటుంది, ఇంకోసారి కూడా ఉంటుందేమో, ఆ తర్వాత ఏదో ఒక ఆదివారం పోయి వచ్చేసి, రూములోనే ఉండా మా, బట్టలు ఉతుక్కున్నా, అంటుంది, నేను ఇక్కడ పాటలు పాడుకుంటూ ఉంటాను, పోవే, అన్నాను, ఏందీ, పో పాపా, స్వెట్టర్ రెండు వేసుకో, ఆ దారి తెలిసిన ఆయప్ప వెనకే నడువు, దిగినాక ఫోన్ చెయ్యి, అంతా చెప్పు, నీళ్లు ఎట్లుండాయో చెప్పు, జారితే జారినానని చెప్పు, నేను ఏడిస్తే ఏడవనీ, నువ్వు మాత్రం చెప్పు, అవతల హోరు, అది నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, సరే మా, అంది, భయం యాడికీ పోలేదు, ఆదివారం దాకా ఇక్కడే నా భుజాల మీద కూచుని ఉంటుంది, ఉండనీ, ఇన్నేళ్లుగా మోస్తున్న బరువే, మోస్తాను, నేను మోయలేనిది ఒకటే, నా బిడ్డ ఏ కొండ మీద ఉందో తెలియకుండా, భయపడాల్సిన రోజున భయం లేకుండా, హాయిగా కూచుని ఉండడం.