రెండో తీగ

కింద సొరంగం కప్పు కూలిందన్న సంగతి పైన కంట్రోల్ రూములో ఉన్నవాళ్లకి ముందుగా అరికాళ్లకే తెలిసింది. నేల ఒక్కసారి జలదరించి ఊరుకుంది. మధ్యాహ్నం భోజనాలు ముగించి అప్పుడప్పుడే కుర్చీల్లో చేరగిలబడ్డవాళ్లంతా లేచి నిలబడ్డారు.

ఆ రోజు గనిలో తవ్వకం లేదు. అట్టడుగు సొరంగంలో నీళ్లు తోడే పంపు దగ్గర మాత్రం నలుగురున్నారు. పంపు మేస్త్రీ, ఇద్దరు కూలీలు, ఒక ఎలక్ట్రీషియన్. ఆ ఎలక్ట్రీషియన్ గని నెట్‌వర్క్ ఇంజనీరుకి స్వయానా తమ్ముడు.

పంపు మేస్త్రీని గనిలో అందరూ మామ అనేవారు. కనిపించిన ప్రతి కుర్రాణ్ణీ అల్లుడూ అని పిలిచి, పిల్లనిస్తానని మాత్రం ఆశపడకు, నాకున్నది ముగ్గురూ మగపిల్లలే అనడం ఆయనకి అలవాటు. ఆ పొద్దున లిఫ్టు ఎక్కబోతూ ఇంజనీరుని చూసి ఆగాడు. "మీ తమ్ముడు నట్లు బాగా బిగిస్తాడమ్మా. నోరు బిగించడమే రాదు," అన్నాడు. తమ్ముడు మూతి ముడుచుకున్నాడు. లిఫ్టు తలుపు మూసుకునేదాకా మామ నవ్వుతూనే ఉన్నాడు.

గని మేనేజరు ఫోనెత్తి కిందకి కలిపాడు. వయసుకి తగ్గట్టు ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఫోను మూగగా ఉంది. ఆయన గోడ మీది తెర వైపు తిరిగాడు. ప్రతి సొరంగంలోనూ గ్యాస్ ఎంతుందో చూపే అంకెలు అక్కడ వరసగా వెలుగుతుంటాయి. అన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. ఏ ఒక్కటీ ప్రమాదపు గీత దరిదాపుల్లో లేదు.

ఇలాంటప్పుడు గనిలో ఒకటే పద్ధతి. గాలి బాగుంటే ఉన్నవాళ్లు ఉన్నచోటే కూర్చోవాలి. వదులైన కప్పు కింద నడిస్తే ప్రాణాల మీదకొస్తుంది. రక్షణ దళమే వాళ్ల దగ్గరికి వెళుతుంది. పెద్దాయన ఆ దళానికి కబురు పంపి, మైకు తీసి ఇంజనీరు చేతికిచ్చాడు.

"నువ్వు చెప్పమ్మా. నీ గొంతైతే వాడు గుర్తుపడతాడు. కంగారుపడడు."

సొరంగాల్లో లౌడ్ స్పీకర్లున్నాయి. ఆమె ఒక్కో మాటా విడివిడిగా పలికింది. "తమ్ముడూ, అక్కని. గాలి బాగానే ఉంది. ఎవరూ అక్కణ్ణించి కదలొద్దు. మనుషులు వస్తున్నారు." అదే మాట మళ్లీ మళ్లీ చెప్పి, మైకు బల్ల మీద పెట్టి, తెరవైపు చూస్తూ కూర్చుంది.

అప్పుడు గమనించింది. అంకెలు వణకడం లేదు.

కొలతల్లో చివరి అంకె ఎప్పుడూ నిలకడగా ఉండదు. గాలి కాస్త అటూ ఇటూ అయినా మారుతుంటుంది. అక్కడ కూర్చునేవాళ్లకి అది గడియారం ముల్లంత మామూలు. ఇప్పుడు తెర మొత్తం పటం కట్టి గోడకి తగిలించినట్టుంది.

ఆమె పక్కగదిలోకి పరుగెత్తి, కబుర్లని తీగల్లోకి మళ్లించే నెట్‌వర్క్ స్విచ్చి ముందు కూలబడింది. కిందా ఇలాంటిదే ఒకటుంది.

పైనుంచి కిందకి గాజుపోగుల ఫైబర్ తీగలు రెండున్నాయి. ఫోనూ మైకూ కొలతలూ అన్నీ వాటి మీదే నడుస్తాయి. ఒకటి లిఫ్టు షాఫ్టు వెంట దిగుతుంది, రెండోది గనికి గాలి ఆడే నిలువు బావి, గాలి షాఫ్టు వెంట. రెండూ ఒకేసారి తెరిచి ఉంచితే, ఒకదాంట్లో దిగిన కబురు రెండోదాంట్లో పైకెక్కి, మళ్లీ దిగి, గానుగెద్దులా తిరుగుతూ ఇంకే కబురుకీ దారి లేకుండా చేస్తుంది. అందుకని కింది స్విచ్చి రెండో తీగ ద్వారాన్ని, అంటే పోర్టుని, తనంత తానే మూసి ఉంచుతుంది. మొదటి తీగలో పై స్విచ్చి పలకరింపు వినబడుతున్నంతసేపూ తెరవదు. అది ఆగిపోయిన రోజున తెరుస్తుంది.

మొదటి తీగ దీపం పచ్చగా వెలుగుతోంది. ఆమె దాని లెక్కలు తెప్పించుకుంది. పైనుంచి పోతున్న కబుర్ల సంఖ్య పరుగులు తీస్తోంది. కిందనుంచి వస్తున్న సంఖ్య ఆగిపోయి ఉంది. ఒకసారి కళ్లు మూసుకుని తెరిచి మళ్లీ చూసింది. అదే సంఖ్య.

ఆ తీగలో పోగులు రెండు. పోవడానికొకటి, రావడానికొకటి. వచ్చేది తెగిపోయింది.

వెనక్కొచ్చి పెద్దాయన ఎదురుగా నిలబడింది.

"సార్, ఆ అంకెలు ఇప్పటివి కావు. కప్పు కూలకముందువి. కొత్తవి రాక పాతవే చూపిస్తోంది."

"మరి రెండో తీగ? మొదటిది తెగితే అదే తెరుచుకుంటుందన్నావు."

"సగమే తెగింది సార్. మన పలకరింపు కింది స్విచ్చికి వినబడుతూనే ఉంది. అంతా సవ్యంగా ఉందనుకుని రెండో పోర్టు మూసుకునే కూర్చుంది. మన మాట వాళ్లకి పోతోంది. వాళ్ల మాటే మనకి రావట్లేదు."

ఆ మాట అన్నాకే ఆమెకి అసలు సంగతి తట్టింది. గాలి బాగానే ఉందని, కదలొద్దని తాను చెప్పిన ప్రతి మాటా కిందకి చేరింది.

చెయ్యగలిగింది ఒక్కటేనని ఆయనకి చెప్పింది. మొదటి తీగని పైనుంచి తానే ఆపెయ్యాలి. పలకరింపు ఆగితే కింది స్విచ్చి రెండో పోర్టు తెరుస్తుంది. తెరవకపోతే? మొదటి తీగని మళ్లీ కలపడం కుదరదు. ఒకసారి ఆపితే మళ్లీ కలవడానికి రెండు పోగులూ కావాలి. అప్పుడు వాళ్లకి ఈ గొంతు కూడా ఉండదు.

రెండో తీగ ఎప్పుడూ బరువు మోసింది కాదు. దాన్ని పరీక్షించాలని ఆమె చాలాసార్లు అడిగింది. పరీక్షించాలంటే కాసేపు కొలతలు ఆగుతాయి. కొలతలు ఆగితే పద్ధతి ప్రకారం కిందివాళ్లందరినీ పైకి తేవాలి. సగం షిఫ్టు పోతుంది. తీగ బాగానే ఉంది కదమ్మా, బాగున్నదాన్ని కెలకడం ఎందుకని పెద్దాయన ప్రతిసారీ వాయిదా వేశాడు. ఆ సంగతి ఇప్పుడు ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

"ఉన్న గొంతుతోనే బయటికి నడవమని చెబుదాం," అన్నాడాయన.

"ఎటు వైపు సార్?"

లిఫ్టు వైపా, గాలి షాఫ్టు వైపా అన్నది గ్యాస్ ఎటుందో తెలిస్తేగానీ తేలదు. పెద్దాయన ముఖం తుడుచుకుని, తీగ ఆపెయ్యమన్నట్టు తలూపాడు.

ఆమె మైకు తీసుకుంది.

"తమ్ముడూ, మామా, వినండి. ఇందాక గాలి బాగుందన్నాను. అది తప్పు. మీ దగ్గర గాలి ఎలా ఉందో ఇక్కడ ఎవరికీ తెలీదు. మీ మాట పైకి రావట్లేదు. అది రావడం కోసం ఈ తీగ నేనే ఆపేస్తున్నా. కాసేపు నా గొంతు వినబడదు. మళ్లీ వినబడితే వెంటనే మాట్లాడండి."

మైకు ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

"వినబడకపోతే, కదలొద్దన్న మాట వదిలెయ్యండి. మీకేది మంచిదనిపిస్తే అది చెయ్యండి."

అలా చెప్పడం పద్ధతికి విరుద్ధం. పెద్దాయన చెయ్యి మైకు మీదకొచ్చింది. అంతలోనే వెనక్కి పోయింది.

ఆమె పోర్టు ఆపేసింది. పచ్చ దీపం ఆరిపోయింది.

కింది స్విచ్చి తొందరపడదు. పలకరింపు నిజంగా ఆగిందా అని చూస్తుంది, తెరిస్తే కబుర్లు గిరగిరా తిరుగుతాయేమోనని ఇంకాసేపు చూస్తుంది. తెర ముందు కూర్చునే ఆపరేటరుకి రేడియో అని పేరు. నిద్రలో కూడా వాగుతాడని వాళ్లావిడే చెబుతుంది. అతను ఇప్పుడు తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూస్తున్నాడు. తెర మీద అవే అంకెలు, అదే ఆకుపచ్చ.

పై వరసలో ఒక అంకె మారింది.

ఎవరూ నమ్మలేదు. ఇంకోటి మారింది. తర్వాత వరసలన్నీ ఒక్కసారిగా కదిలాయి. అట్టడుగు వరస పసుపు పచ్చకి తిరిగి, అక్కడ నిలవకుండా ఎర్రబడిపోయింది.

"తమ్ముడూ," అంది ఆమె.

"అక్కా. వినబడుతోందా?" ఫోను స్పీకరులోంచి వచ్చిన గొంతు బొంగురుపోయి ఉంది.

"వినబడుతోందిరా. చెప్పు."

"ఎప్పట్నుంచో అరుస్తున్నాం. గాలి బాలేదు. తల తిరుగుతోంది. మామ పడిపోయాడు. నువ్వు ఉండమన్నావని ఉన్నాం."

ఆమె సమాధానం వెతుక్కోలేదు. అంకెలు చదివింది. లిఫ్టు వైపు సొరంగం అంతకన్నా ఎర్రగా ఉంది. గాలి షాఫ్టు వైపు ఒక్కో అంకే తగ్గుతూ పోతోంది. ఎడమకి తిరగమంది. మామని మోసుకుని, వంగి, ఆగకుండా నడవమంది. ఒక్కో మలుపు దాటినప్పుడల్లా అక్కడి కొలత చదివి ముందుకి పంపింది. గాలి షాఫ్టు నిచ్చెన దగ్గర, అటునుంచి దిగిన రక్షణ దళం వాళ్లకి ఎదురైంది.

నలుగురూ పైకొచ్చారు. ముగ్గురు నడిచి వచ్చారు.

మామకి ఊపిరి అందించాలని డాక్టరు చాలాసేపు చూశాడు. చివరికి లేచి, చేతి తొడుగులు తీసేసి, పక్కకి వెళ్లిపోయాడు.

తమ్ముడు టోపీ దీపాలు అప్పగించే గదిలో బెంచీ మీద కూర్చున్నాడు. మసి కడుక్కోలేదు. అక్క వచ్చి పక్కన కూర్చుంటే జరగలేదు.

"నువ్వు మాట్లాడకముందే మామ లేచాడు," అన్నాడు. "లిఫ్టు వైపు పోదాం పదండన్నాడు. నీ గొంతు వినబడగానే నేనే చెయ్యి పట్టి కూర్చోబెట్టా. అక్క చెప్పింది కదా, తెలియకుండా చెప్పదు అన్నా."

"లిఫ్టు వైపు ఇంకా ఎక్కువ ఉందిరా."

"అది అప్పటికి నీకు తెలీదు కదా."

"తెలీదు," అంది ఆమె.

బయట జీపు వచ్చి ఆగిన చప్పుడైంది. గనిలో మనిషి పోతే మేనేజరు స్వయంగా ఇంటికెళ్లి చెప్పాలి. పెద్దాయన గుమ్మంలో నిలబడి, మామ వాళ్లావిడకి చెప్పొస్తానమ్మా అన్నాడు. రెండో తీగ సంగతి కూడా నేనే చెబుతాను, పరీక్ష వద్దన్నది నేనేనని విచారణలో ఎలాగూ ఒప్పుకోవాలి అన్నాడు. ఆయన భుజాలు కిందకి జారి ఉన్నాయి.

"నేనూ వస్తాను," అంది ఆమె. "కదలొద్దన్నది నా గొంతు."

తమ్ముడు తలెత్తాడు. చొక్కా చేతితో ముఖం రుద్దుకుంటే మసి ఇంకాస్త పాకింది. "నేనూ వస్తా," అన్నాడు. "కూర్చోబెట్టింది నేను."

నీకెందుకురా, ఆస్పత్రికి వెళ్లి చూపించుకో అని ఆమె ఒకసారి అంది. వాడు వినలేదు. ఆమె మళ్లీ అనలేదు.

ముగ్గురూ జీపెక్కారు. అక్కడికి వెళ్లాక ఏ మాటతో మొదలుపెట్టాలో ఎవరికీ తెలీదు. ముందు ఎవరు నోరు తెరవాలన్నది మాత్రం గేటు దాటేలోగా ఆమె తేల్చేసుకుంది. జీపు ఆపించి, పెద్దాయన్ని వెనక కూర్చోమని, తాను ముందు సీటులోకి మారింది.