కోడలి చేతివంట

ఆ బట్టల కార్ఖానాలో ఆమె చొక్కాలకు కాలర్లు కుట్టేది. చేరిన రోజే మధ్యాహ్నం, గుండీలు కుట్టే పెద్దావిడ ఆమె డబ్బాలోంచి కాస్త వంకాయ కూర రుచి చూసి, నువ్వే చేశావా అని అడిగింది. ఈమె నోట్లో ముద్ద ఉంది. తలూపింది. ఆ తలూపుడు ఏడాది పాటు సాగింది.

నిజానికి వండేది అత్త. నాలుగో అంతస్తులోని వాళ్ల వంటగదిలో ఇద్దరు పట్టరు. ఫ్రిజ్ తలుపు తీయాలంటే లోపలున్న మనిషి బయటికి రావాలి. మూతలు కిటికీ అంచున, ఉప్పూ కారం డబ్బాలు ఫ్రిజ్ నెత్తిన. అత్త అసలే లావుపాటి మనిషి, ఆ ఇరుకులోనే ఒదిగి నిలబడి పొద్దున్నే కొడుక్కీ కోడలికీ డబ్బాలు కట్టేది. కోడలు ఆ గుమ్మం దాటేది మంచినీళ్ల కోసమే.

బట్ట కత్తిరించే పెద్దాయన పని మానేస్తున్నాడని కార్ఖానాలో భోజనాలు పెట్టుకున్నారు. ఇరవై మందికి కూర వండే పని అందరూ కలిసి ఆమె మీద పెట్టారు. కాదనడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి, కూర మన వంతు వచ్చిందని మాత్రం అత్తతో చెప్పింది.

భోజనాల రోజు అత్త తెల్లవారుజామునే లేచింది. పెద్ద గిన్నె పొయ్యి మీద పట్టక మూడు విడతలుగా వండింది. తరిగిన ముక్కలు పెట్టుకోను చోటు లేక పళ్లేలన్నీ మంచం మీద పరిచింది. మూడో విడత ఉడుకుతుండగా బెల్లు మోగింది. గిన్నెలు మోయడానికి సాయం వచ్చానంటూ గుండీల పెద్దావిడ.

కోడలు తడి జుట్టు దువ్వుకుంటోంది. అత్త చెమటలు కారుతుండగా గరిటెతో గుమ్మంలోకి వచ్చింది.

"రోజూ మీ కోడలి చేతివంట తింటున్నారు. అదృష్టవంతులమ్మా," అంది పెద్దావిడ.

అత్త కోడలి ముఖంలోకి ఒక్కసారి చూసింది. ఆ చూపుతోనే అత్తకు సంగతంతా తెలిసిపోయింది.

"అవునమ్మా," అంది. "ఇప్పుడే గరిటె నా చేతికిచ్చి తల దువ్వుకోడానికెళ్లింది. అడుగంటకుండా కలుపుతున్నా, అంతే."

గరిటె కోడలి చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంది. కోడలు లోపలికెళ్లి, మంట ఎంత ఉండాలో కూడా తెలియక ఊరికే కలుపుతూ నిలబడింది. తల కొట్టేసినట్టయింది. నాలుగు తిట్లు తిట్టినా ఇంతకంటే నయంగా ఉండేదనుకుంది.

మధ్యాహ్నం అందరూ మారు వడ్డించుకుని తిన్నారు. ఇందులో ఏమేం వేశావో చెప్పమ్మా, మా ఆవిడతో చేయించుకుంటా అన్నాడు పెద్దాయన.

"నాకు తెలీదు బాబాయ్. చేసింది మా అత్తయ్య. మొదటి నుంచీ ఆవిడే."

ఒకామె కిసుక్కున నవ్వింది. పని చేయించే మేస్త్రి తలొంచుకుని తినసాగాడు. నాకు పొద్దున్నే అర్థమైందిలే అంది గుండీల పెద్దావిడ, ఆమె వైపు చూడకుండా. సాయంత్రం మిషన్లు ఆగేదాకా గుసగుసలు ఆగలేదు.

కోడలు ఇంటికొచ్చి జరిగిందంతా అత్తతో చెప్పి, తప్పయిపోయిందంది. పొయ్యి తుడుస్తున్న అత్త విసుక్కుంది. నీ పరువు నేను నిలబెట్టాను కదా, ఎందుకు చెప్పుకున్నావంది. తర్వాత కాసేపు తుడిచిన చోటే తుడిచింది.

"నేను చేశానని తెలిశాక ఏమన్నారు?"

కోడలికి ఎంత వెతుక్కున్నా ఒక్క మంచి మాట గుర్తు రాలేదు. ఏదో ఒకటి కల్పించి చెబుదామని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏమీ అనలేదత్తయ్యా. అందరూ నా అబద్ధం గురించే మాట్లాడుకున్నారు. మీ కూర మాట ఎవరూ ఎత్తలేదు."

అత్త గుడ్డ పిండి ఆరేసింది.

"పోనీలే. వెళ్లి కాళ్లు కడుక్కో," అంది.

కోడలు కాళ్లు కడుక్కోకుండా ఆ గుమ్మంలోనే నిలబడింది.